కాలిలో లోపం

ఐసు మోసే ట్రక్కుకు వేడి జబ్బు పట్టిందంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది, నడిపేవాడికి ఏడుపొస్తుంది. వెనక పాతిక ఐసు గడ్డలు రంపపు పొట్టు కప్పుకుని హాయిగా పడుకుంటాయి. ముందు ఇంజను మాత్రం ఒకసారి ఆపితే చాలు, ఇక లేవనని మొండికేస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పీ తిప్పకముందే అందుకుంటుంది. గంట తిరిగి, సరుకు దించడానికి పది నిమిషాలు ఆపితే, ఎంత బతిమాలినా ఉలకదు, పలకదు. అరగంట పోయి, వెనక ఐసు నీళ్ళై రోడ్డు పాలయ్యాక, ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

ఈ జబ్బుతోనే ఆ పాత పెట్రోలు ట్రక్కు ఒక మధ్యాహ్నం చుక్కల మేస్త్రీ షెడ్డుకు వచ్చింది.

చుక్కల మేస్త్రీ అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. ఆయన పని నేర్చుకున్న చోట ఒక పద్ధతి ఉండేది. విప్పి బిగించిన ప్రతి పెద్ద సామాను మీదా, బిగించినవాడు మొనదేరిన ఉలి పెట్టి సుత్తితో కొట్టి తన గుర్తు వేయాలి. గురువుది ఒక చుక్క, పెద్ద శిష్యుడిది రెండు, ఈయనది మూడు. పని చేసినవాడు ఎప్పటికైనా దొరకాలి గాని దాక్కోకూడదు అనేవాడు ఆ గురువు. గురువు పోయాడు, రెండు చుక్కలవాడు పని మానుకున్నాడు, ఈ మూడు చుక్కలు మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో సగం బండ్ల లోపల తిరుగుతున్నాయి. వాటిని చూసుకుని మేస్త్రీకి గర్వం బాగానే పెరిగింది. నోరు అంతకంటే పెద్దది. ఇంకో మెకానిక్ చేసిన పని కంటబడితే చాలు, వాడి ఏడు తరాలనూ తలుచుకోనిదే స్పానర్ ముట్టడు.

ట్రక్కు తెచ్చినవాణ్ణి అందరూ చిన్నోడనే అంటారు. వయసు నలభై రెండు, బట్టతల కూడా వచ్చేసింది. అయినా పైన పెద్దోడు అనే అన్న ఒకడు ఉన్నాడు కాబట్టి ఈయన చచ్చేదాకా చిన్నోడే. అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న బండి అది. అన్న నడిపేవాడు, తమ్ముడు బేరాలు చూసుకునేవాడు.

"ఏమయ్యా చిన్నోడా, నువ్వే నడుపుకొచ్చావేంటి? డ్రైవరేడీ?" అన్నాడు మేస్త్రీ.

"మానేశాడు మేస్త్రీ గారూ. మార్కెట్లో కొత్త రూలు పెట్టారు. షెడ్డు లోపలికొస్తే ఇంజను ఆపాల్సిందే, పొగ పనికిరాదంట. మావాడు తొమ్మిదేళ్ళుగా సరుకు అయిపోయేదాకా ఎక్కడా ఇంజను ఆపింది లేదు. ఇప్పుడు ఆపితే లేవట్లేదు. నావల్ల కాదని తాళాలు బల్ల మీద పెట్టి పోయాడు."

"నువ్వు కూచుంటే?"

చిన్నోడు చేతిలో తాళాల గుత్తిని అటూ ఇటూ తిప్పాడు.

"నాకూ లేవట్లేదు," అన్నాడు.

ఆ మాట అంత చిన్నగా ఎందుకన్నాడో మేస్త్రీకి తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట పెద్దోడు ఇదే ట్రక్కు తెచ్చి, ఇదే షెడ్డు ముందు నిలబడి, ఇదే గోడు వెళ్ళబోసుకున్నాడు. ఒకసారి కాదు, నాలుగు సార్లు. నాలుగోసారి మేస్త్రీ బండిని రాత్రంతా షెడ్డులో ఉంచుకుని, పొద్దున్నే పదిమందిని పిలిచి తాళం తిప్పాడు. బండి ఒక్క ఊపులో లేచింది. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు. బండిలో ఏ లోపమూ లేదు. లోపమంతా వీడి కాలిలో ఉంది. ఎప్పుడు తొక్కాలో ఎప్పుడు వదలాలో తెలియని కాలు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పదిమందిలో చిన్నోడూ ఉన్నాడు. వారం తిరక్కుండా ఒక పెద్ద బేరం ఎండలో కరిగి కాలవైపోయింది. చిన్నోడు నడి మార్కెట్లో అన్న చేతిలోంచి తాళాలు లాక్కుని, ఆ కాలు నరుక్కుని ఇంట్లో కూచో అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పెద్దోడు ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. రోజూ పొద్దున తన ట్రక్కుకు తనే గేటు తీసి, మొహం పక్కకు తిప్పుకుని, మళ్ళీ తనే గేటు వేస్తాడు.

ఇదంతా గుర్తొచ్చినా మేస్త్రీ గుండె తొణకలేదు. అప్పుడు కాలు చెడింది, ఇప్పుడు బండి చెడింది, తొమ్మిదేళ్ళలో ఇనుము మాత్రం కొత్తగా ఉంటుందా అనుకున్నాడు. మనిషికి తన మాట మీద నమ్మకం ఉంటే ఏ లెక్కయినా సరిపోతుంది.

"సరే, ఒక గంట తిప్పుకొద్దాం పద. చల్లటి బండిని చూస్తే ఏం తెలుస్తుంది," అన్నాడు. ఈ ముక్క తొమ్మిదేళ్ళ కిందట తట్టి ఉంటే ఈ కథే లేదు.

గంట తిప్పి తెచ్చి షెడ్డులో ఆపారు. బానెట్ ఎత్తగానే వేడి మొహాన కొట్టింది. పెట్రోలు పంపు మీద తడి గోనెపట్టా ఒకటి చుట్టి ఉంది, వేడి తగ్గుతుందని పాత డ్రైవరు చూపించిన తెలివి. మేస్త్రీ దాన్ని వేలితో తీసి అవతల పారేశాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పి, చిన్నోణ్ణి పది నిమిషాలు కదలకుండా కూచోమని, తర్వాత కూతురిని పిలిచాడు.

మేస్త్రీ కూతురికి ముప్పై ఏళ్ళు. ఆ షెడ్డులో వైరింగు పని మొత్తం ఆమెదే. తండ్రిని మించిపోయింది. తండ్రి ఆ సంగతి ఒప్పుకోడు గాని, కరెంటు పని వస్తే తను ముట్టుకోకుండా పక్కకు జరుగుతాడు.

"కార్బురేటర్ గొంతులోకి టార్చ్ వేసి చూడమ్మా."

ఆమె వంగి చూసింది. "ఇంజను ఆగిపోయింది కదా నాన్నా. అయినా లోపల పెట్రోలు బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది."

"కారదా మరి? కిందనుంచి వేడి తగిలి గిన్నెలో పెట్రోలు కాగుతోంది. కాగినది పొంగి ఇంజనులోకి దిగుతోంది. ఇంజను తడిసి ముద్దయిపోతే సెల్ఫ్ ఎంతసేపు కొడితే మాత్రం ఏం లాభం? ఇది ఎవడి కాలూ ఆపగలిగేది కాదు."

తను పలికిన ఆ చివరి మాట తన చెవిలోనే పడింది గాని ఆయన వినలేదు. చేతులు అప్పటికే కార్బురేటర్ కిందికి పోయాయి. ఇంజనుకూ కార్బురేటర్‌కూ మధ్య అర అంగుళం మందాన ఒక ఫైబరు దిమ్మ ఉండాలి. కింది వేడి పైకి ఎక్కకుండా అడ్డుపడేది అదే. వేలు పెట్టి తడిమితే దిమ్మ లేదు. కాగితమంత పల్చటి ప్యాకింగ్ ఒకటి తగిలింది.

మేస్త్రీకి పండగొచ్చినట్టయింది.

"చూశావా చిన్నోడా, ఎవడో మహానుభావుడు నీ బండికి చేసిన వైద్యం," అంటూ మొదలుపెట్టాడు. "దిమ్మ పీకి పారేసి కాగితం ముక్క పెట్టాడు. పొయ్యి మీద గిన్నె పెట్టినట్టు కార్బురేటర్‌ని ఇంజను మీద పెట్టి పోయాడు. వీడికి స్పానర్ చేతికిచ్చినవాణ్ణి అనాలి. వీడు గాడిదలు కాసుకోవాల్సినవాడు. గాడిదలైనా ఒప్పుకోవు. ఎవడు వాడు? చెప్పు, వాడి షెడ్డుకెళ్ళి గడ్డి పెట్టొస్తా."

"మీరు తప్ప ఈ బండిని ఇంకెవరూ ముట్టుకోలేదు మేస్త్రీ గారూ," అన్నాడు చిన్నోడు అమాయకంగా. "మీకు తెలియకుండా మా డ్రైవరు ఎక్కడైనా విప్పించాడేమో మరి."

"అదీ సంగతి. వాడే అయ్యుంటాడు."

చిన్నోడు ఫోన్ వస్తే బయటికి వెళ్ళాడు. మేస్త్రీ నట్లు విప్పి కార్బురేటర్‌ని బల్ల మీద పెట్టి, ఇంకా తిడుతూనే చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కూతురు కిరసనాయిలు గుడ్డతో దాని అడుగు తుడిచింది. నల్లటి మడ్డి పోయింది. గుడ్డ ఆగింది.

"నాన్నా, ఒకసారి ఇటు రా."

ఆయన తడి చేతులతో వచ్చాడు. ఆమె టార్చ్ దగ్గరికి పెట్టింది. అడుగు అంచున మూడు చుక్కలు ఉన్నాయి, ఒక వరసలో, మధ్యది కొంచెం లోతుగా. ఆయన చెయ్యి ఎప్పుడూ మధ్య చుక్కను గట్టిగా కొడుతుంది.

మేస్త్రీ కొయ్యబారిపోయాడు. నోట్లో సగం ఉన్న తిట్టు అక్కడే ఉండిపోయింది. ముందు అబద్ధమనుకున్నాడు. ఎవడో తన గుర్తు దొంగతనంగా వేశాడనుకున్నాడు. తర్వాత కొద్దికొద్దిగా గుర్తు రావడం మొదలైంది. తొమ్మిదేళ్ళ కిందట, పెద్దోడి గోడు ఇంకా మొదలుకాకముందు, ఒక సాయంత్రం ఫైబరు దిమ్మ పగిలి ఉంది. కొత్తది ఎక్కడా దొరకలేదు. తెల్లారితే బండి లోడుకు పోవాలి. ప్రస్తుతానికి పల్చటి ప్యాకింగ్ పెడదాం, వారంలో దిమ్మ తెప్పించి మార్చేద్దాం అనుకున్నాడు. మరిచిపోయాడు.

"వారం కోసమని పెట్టానమ్మా," అన్నాడు. "మార్చేద్దామనే అనుకున్నా."

కూతురు ఇంజను వైపు వంగి, కార్బురేటర్‌ని బిగించడానికి పైకి లేచి ఉన్న నాలుగు మరల కడ్డీలను, స్టడ్లను, వేలితో తడిమింది.

"వీటిని రంపంతో కోసేశారు నాన్నా. దిమ్మ పెట్టాలన్నా ఇక అందవు."

దిమ్మ లేకపోయేసరికి స్టడ్లు పొడుగై చోక్ తీగకు అడ్డుపడ్డాయి. అందుకని కోశాడు. ఇప్పుడు అదీ గుర్తొచ్చింది. వారం రోజుల కోసం పెట్టేవాడు స్టడ్లు ఎందుకు కోస్తాడు? ఆ సాయంత్రమే తనకు తెలుసు, మళ్ళీ మార్చేది లేదని. మరిచిపోవడం తర్వాత వచ్చింది. తన గురించి తనకు ఇంత కొత్త సంగతి ఆయనకు అరవై ఏళ్ళకు తెలిసింది.

కాసేపటికి చేతిలో బరువు తెలిసి చూసుకుంటే ఆకురాయి ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో తెలియదు. పదిసార్లు రాస్తే మూడు చుక్కలూ పోతాయి.

"ఆకురాయి ఎందుకు నాన్నా?"

"స్టడ్డు అంచు సాపు చేద్దామని."

"స్టడ్లు అటున్నాయి," అంది ఆమె. తన బల్ల దగ్గరికి వెళ్ళి ఫైబరు పలక తీసి గీతలు గియ్యడం మొదలుపెట్టింది.

మేస్త్రీ ఆకురాయి కింద పెట్టేశాడు. ఆయనకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. పోయేది ఆషామాషీ పేరు కాదు, ముప్పై ఎనిమిదేళ్ళ పేరు. ఈ సంగతి చెబితే రేపు మార్కెట్లో ప్రతి బండివాడూ తన బానెట్ ఎత్తి చూసుకుంటాడు. చెప్పకపోతే గేటు దగ్గర ఒక మనిషి తన ట్రక్కుకు తనే గేటు తీస్తూ ఉంటాడు. ఆలోచన ఇంకా తెగకముందే చిన్నోడు లోపలికి వచ్చాడు. మేస్త్రీ ఇక ఆగితే చెప్పలేనని తెలిసి చెప్పేశాడు.

"ఆ గాడిదను నేనే చిన్నోడా. దిమ్మ తీసింది నేను. మీ అన్న కాలిలో ఏమీ లేదు. నేను ఆ రోజు బండిని వేడి మీద చూడలేదు."

చిన్నోడు ముందు నవ్వాడు, మేస్త్రీ ఏదో హాస్యమాడుతున్నాడని. కూతురు మొహం చూశాక నవ్వు ఆగింది. పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఇంకెవరికైనా తెలుసా?" అన్నాడు తన చెప్పుల వైపు చూస్తూ.

"మా అమ్మాయికి. నీకు."

"అయితే ఇక్కడితో ఆపేయండి. బాగుచేసి ఇచ్చేయండి. అన్నకు చెప్పొద్దు."

మేస్త్రీ దిమ్మెరపోయాడు. చొక్కా పట్టుకుంటాడనుకున్నాడు, పది మాటలంటాడనుకున్నాడు, పడడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఇది అనుకోలేదు.

"మీరు ఒక మాట అన్నారు. నేను ఎన్నన్నానో మీకు తెలియదు," అన్నాడు చిన్నోడు. "పదిమందిలో అన్నాను. వాడి పెళ్ళాం బిడ్డల ముందు అన్నాను. ఇప్పుడు పోయి తప్పు నాది అంటే వాడి మొహం నేను చూడలేను. మీ పేరూ ఉంటుంది, నా పరువూ ఉంటుంది. వదిలేయండి మేస్త్రీ గారూ."

అడక్కుండానే తప్పించుకునే దారి తెరుచుకుంది. మేస్త్రీకి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి తన మీద తనకే అసహ్యం వేసింది. ఔననలేదు, కాదనలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి పని అయిపోయింది. కొత్త స్టడ్లు బిగించాడు. కూతురు కోసి రంధ్రాలు వేసిన ఫైబరు దిమ్మ కింద కూచుంది, దాని మీద కార్బురేటర్ కూచుంది. పెట్రోలు పైపును పొగగొట్టానికి దూరంగా తిప్పి, మధ్యలో రేకు ముక్క ఒకటి అడ్డం పెట్టాడు. ఎండ మాడిపోతోంది. మేస్త్రీ స్టీరింగ్ దగ్గర కూచున్నాడు, చిన్నోడు పక్కన. గంట తిరిగారు. గంట అయ్యాక మేస్త్రీ బండిని ఫ్యాక్టరీ రోడ్డులోకి తిప్పాడు.

"ఇటెందుకు?" అన్నాడు చిన్నోడు.

"వేడి మీద ఆపి చూడాలి కదా. అక్కడే ఆపుతా."

చిన్నోడు వద్దని అనబోయి, అనలేక, కిటికీ వైపు తిరిగాడు.

వేళకాని వేళ ట్రక్కు వచ్చేసరికి పెద్దోడు స్టూలు మీంచి లేచి గేటు తియ్యబోయాడు. మేస్త్రీ గేటు ముందే ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగడంతోనే పెద్దోడు గేటు వదిలి గబగబా వచ్చాడు.

"ఇక్కడ ఆపకండి మేస్త్రీ గారూ. మళ్ళీ లేవదు."

మేస్త్రీ దిగాడు. నిన్నటి నుంచి లోలోపల పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. దిమ్మ సంగతి చెప్పాడు, కోసిన స్టడ్ల సంగతి చెప్పాడు, ఆ పొద్దున చల్లటి బండిని చూసి తీర్పు చెప్పానని చెప్పాడు. తప్పు తనదేనని రెండుసార్లు అన్నాడు. పెద్దోడు తల ఊపుతూ మర్యాదగా విన్నాడు, గేటు దగ్గరికి వచ్చినవాళ్ళు చిరునామా అడిగితే విన్నట్టు.

"నీ కాలికి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు," అన్నాడు మేస్త్రీ.

"అలా కాదండి. మీరు చూసి చెప్పారు కదా," అన్నాడు పెద్దోడు.

"చూడకుండా చెప్పాను. అదే చెబుతున్నా."

"మీరు పెద్దవారు. ఏదో నా మీద జాలితో అంటున్నారు." పెద్దోడు నవ్వడానికి ప్రయత్నించాడు. "నా కాలు సంగతి నాకు తెలియదా? ఫ్యాక్టరీవాళ్ళు మూడుసార్లు బండి ఇస్తామన్నారు. వద్దన్నాను. ఎందుకు ఒకళ్ళ సరుకు పాడుచేయడం? మా అమ్మాయి స్కూటర్ నేర్పమని ఏడ్చింది. నేను నేర్పితే దానికీ ఇదే అలవాటవుతుందని నేర్పలేదు."

ఇతనికి కోపం ఉంటుందనుకున్నాడు మేస్త్రీ. తొమ్మిదేళ్ళుగా ఈ మనిషి లోలోపల ఈ మేస్త్రీని తిట్టుకుంటూ ఉంటాడనీ, ఆ తిట్లు ఇవాళ బయటికి వస్తాయనీ అనుకున్నాడు. ఇతను తిట్టుకోలేదు. నమ్మాడు. పద్దెనిమిదేళ్ళు బండి నడిపిన కాలును కాదని, నవ్వు కోసం అన్న ఒక్క మాటను నమ్మాడు.

ట్రక్కు తలుపు చప్పుడైంది. చిన్నోడు దిగి అటువైపు నుంచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా," అన్నాడు. తొమ్మిదేళ్ళలో అదే మొదటి మాట. "నాకూ లేవలేదు అన్నా. నెల రోజులుగా నాకూ లేవలేదు. నువ్వు ఎక్కి చూడు."

పెద్దోడు తమ్ముడి వైపు చూశాడు. ఆ చూపు తట్టుకోలేక చిన్నోడు తాళాలు ముందుకు చాపాడు. తీసుకోవాలా వద్దా అని పెద్దోడి చెయ్యి కాసేపు ఆగి, తీసుకుంది. మెట్టు మీద కాలు పెట్టి ఎక్కాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. పూర్వం ఎప్పుడూ వట్టి కాలితోనే నడిపేవాడు.

బండి ఆగి పదిహేను నిమిషాలైంది. వెనకటి లెక్కయితే లేవకూడని వేళ అదే. పెద్దోడు తాళం పెట్టాడు, తిప్పలేదు. కుడికాలు యాక్సిలరేటర్ మీదికి పోయి, దాన్ని తాకకుండా పైనే ఆగింది. కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"మేస్త్రీ గారూ, తొక్కమంటారా, వద్దంటారా? మొదటిసారి వద్దన్నారు. రెండోసారి పూర్తిగా తొక్కి పట్టమన్నారు. మూడోసారి సగం అన్నారు. అన్నీ చేశాను. ఇప్పుడు ఎలా చెయ్యమంటారు?"

జవాబు చాలా చిన్నది. ఇప్పుడు తొక్కినా లేస్తుంది, తొక్కకపోయినా లేస్తుంది. మేస్త్రీ చెప్పబోయాడు. తను ఏది చెబితే ఆ కాలు అదే చేస్తుందని తెలిసి ఆగిపోయాడు. తల దించుకున్నాడు. పైన సీట్లో పెద్దోడు జవాబు కోసం ఆయన వైపే చూస్తూ ఉన్నాడు.